గొంతు పోగొట్టే మందు

మాత్రలు పారేసిన తర్వాత మూడో నాటికి వడ్రంగి మేస్త్రి మంచం మీంచి లేవలేకపోయాడు.

ఆయాసం కాదు. ఆయాసమైతే ఆ ఇంట్లో అందరికీ అలవాటే. ఎప్పుడు కిటికీ తెరవాలో, ఎప్పుడు వీపు వెనక దిండ్లు పెట్టాలో చేతులకే తెలుసు. ఇది వేరేగా ఉంది. కాళ్ళు కింద పెట్టగానే గది తిరిగిపోతోందన్నాడు. తాగిన టీ తాగినట్టే కక్కేశాడు. ఆ తర్వాత ఏమడిగినా కళ్ళు తెరవకుండా "ఊఁ" అనడం తప్ప మరో మాట లేదు.

కూతురు బేకరీ నుంచి పరుగున వచ్చింది. మోచేతుల దాకా పిండి. తండ్రి దగ్గరికి వెళ్ళేముందు స్నానాల గదిలో బట్టలు మార్చుకోవడం ఆమెకు అలవాటు. ఆ పిండి దుమ్ము ఆయన ఛాతీకి పడదు. ఆ రోజు మరిచిపోయి మంచం దాకా వెళ్ళి, గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తింది. నీళ్ళ కింద చేతులు పెట్టి రుద్దుకుంటూ ఒకటే అనుకుంది. చేసింది నేనే.

మేస్త్రి దిండు గలేబులో ఆ మాత్రలు దొరికింది ఆమెకే. ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఆయాసానికి పీల్చమని ఇచ్చిన పంపు మాత్రం అలమరలో బట్టల కింద పడి ఉంది, దాదాపు కొత్తదానిలా. రోజూ పొద్దునా సాయంత్రం "పీల్చావా నాన్నా?" అని అడిగితే "ఆఁ" అంటూ వచ్చిన మనిషి ఇన్ని నెలలుగా అబద్ధమే చెబుతున్నాడన్నమాట. ఆ కోపంలో మాత్రలన్నీ మరుగుదొడ్డిలో పోసి నీళ్ళు వదిలింది.

వాటిని తెచ్చిపెడుతున్నది ఎవరో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ ఇంటికి మందులు తెచ్చేది తను కాకపోతే అన్నే.

ఫోను చేసిన కాసేపటికే కొడుకు వచ్చాడు, పని బట్టల్లోనే, జేబులో స్క్రూడ్రైవర్లతో. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. తానుండే ఇల్లు మాత్రం లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తు. తల్లిదండ్రులు చెల్లెలింట్లో ఉండటానికి కారణం అదే. ఆ సంగతి మీద ఒకప్పుడు అందరూ నవ్వుకునేవాళ్ళు.

తండ్రి ముఖం చూసి అతను చెల్లెలి వైపు తిరిగాడు.

"పారేసే ముందు నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"తెచ్చిపెట్టే ముందు నువ్వు నాకు చెప్పావా?"

తర్వాత జరిగింది, పంపు మేలా మాత్ర మేలా అని మొదటి నుంచీ ఇద్దరికీ కంఠతా వచ్చిన గొడవే. ఆ పంపు నెలంతా పీల్చినా నాన్నలో ఏం మార్పు కనిపించిందో చెప్పమని అతను అడిగాడు. దగ్గు ముదిరినప్పుడు పాత డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటే మర్నాటికల్లా లేచి కూర్చుని అన్నం అడిగాడు కదా, అన్నాడు. మంచం పట్టిన మనిషిని నడిపించిన మందు చెడ్డదెలా అవుతుందో తనకు అర్థం కాదన్నాడు.

ఆమె తండ్రి ముంజేయి ఎత్తి చూపించింది. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. మంచంకోడుకు కాస్త తగిలినా నల్లగా కమిలిపోతోంది. ముఖం బూరెలా పొంగి, కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి. ఎన్నడూ లేని షుగరొచ్చింది. పాత డాక్టరు రాసింది ఆ ఒక్క దగ్గు తగ్గేదాకా, కొద్ది రోజులకి. అదే చీటీ పట్టుకుని నెలల తరబడి కొనమని ఆయన చెప్పాడా అని ఆమె అడిగింది.

కొడుకు తండ్రి ముంజేతిని మెల్లగా దుప్పటి కిందికి సర్దాడు.

మంచం చివర కూర్చున్న తల్లి మేస్త్రి పాదం ఒడిలో పెట్టుకుని రాస్తోంది. కంటిలో ఒత్తిడి పెరిగి ఆవిడ చూపు పోయి చాలా కాలమైంది. వేళ్ళతోనే అన్నీ చూస్తుంది.

"చల్లబడిపోతున్నాడు," అంది ఆవిడ. "మీ పంచాయితీ తర్వాత. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

టాక్సీలో తండ్రిని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఆయన తల ఒకసారి కొడుకు భుజం మీదికి, ఒకసారి కూతురి భుజం మీదికి ఒరుగుతోంది. దారంతా అన్నాచెల్లెళ్ళు చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ అప్పటికే పొద్దుటి నుంచి రోగుల్ని చూసి చూసి అలిసిపోయి ఉంది. మేస్త్రి బీపీ చూడగానే మాత్రం కుర్చీలోంచి లేచింది. పక్కగదిలో పడుకోబెట్టించి, సెలైను పెట్టించి, ఒక ఇంజెక్షను తానే చేసింది. ఆ తర్వాత తీరిగ్గా అడిగింది, మాత్రలు ఆపిందెవరని.

"నేనేనండీ," అంది కూతురు.

"అన్నాళ్ళు వాడించిందెవరు?"

"నేను," అన్నాడు కొడుకు.

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమె తిడుతుందనుకున్నారు. తిట్టే ఓపిక ఆమెకూ లేనట్టుంది. ఈ మాత్రల్లో ఉండే మందులాంటిది మన ఒంట్లోనే రోజూ కొంత తయారవుతుందని, నెలల తరబడి బయటి నుంచి పోస్తూ ఉంటే ఒళ్ళు ఆ పని మానేసి నిద్రపోతుందని చెప్పింది. ఇప్పుడు హఠాత్తుగా ఆపేసరికి లోపలా లేదు, బయటా లేదు. అందుకే ఈ పడిపోవడం.

"మళ్ళీ మొదలుపెడతాం. మెల్లమెల్లగా, వారాల తరబడి దించుకుంటూ వస్తాం. నేను చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు," అని కూతురితో అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఇవి ఇల్లంటుకున్నప్పుడు చల్లే నీళ్ళు బాబూ. మీరు మంట లేనప్పుడు కూడా రోజూ చల్లారు. గోడలు నానిపోయాయి."

కొడుకు తలవంచుకుని జేబులోని స్క్రూడ్రైవరు పిడిని వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు. నాన్న లేచి కూర్చున్నాడని మురిసిపోయానండీ అని మాత్రం అన్నాడు. ఆ మాటకు కూతురి కోపం సగం చప్పబడిపోయింది. మిగిలిన సగాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నానికి మేస్త్రి తేరుకున్నాడు. మంచం మీద ఆనుకుని కూర్చుని, గది తలుపు వంక చూస్తూ, చట్రం సరిగా బిగించలేదని, వానాకాలం వస్తే అది మూసుకోదని అన్నాడు. జీవితమంతా తలుపులూ బల్లలూ చేసిన మనిషి. చిత్రిక పొట్టూ, రంపపు దుమ్మూ, మధ్యమధ్య కాల్చిన సిగరెట్లూ కలిసి ఆయన ఊపిరి గొట్టాల్ని ఇరుకు చేసేశాయి. అయినా తలుపు కనిపిస్తే తప్పుపట్టకుండా ఉండలేడు.

డాక్టరమ్మ వచ్చి పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. పంపు ఎందుకు మానేశారని అడిగింది. ఆయన తలుపు వంకే చూస్తున్నాడు. ఆమె మళ్ళీ అడిగి, కాసేపు ఆగి, పిల్లలిద్దర్నీ బయటికి వెళ్ళి టీ తాగి రమ్మంది.

వాళ్ళు టీ తాగలేదు. వరండాలో బల్ల మీద ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. బావకి చెప్పావా అని కొడుకు అడిగాడు. ఆయన సరుకు లారీ మీద దూరం వెళ్ళాడని, దారిలో ఉన్న మనిషిని కంగారు పెట్టడమెందుకని చెప్పలేదని ఆమె అంది. లోపల్నుంచి తండ్రి గొంతు సన్నగా వినిపిస్తోందిగానీ ఏమంటున్నాడో తెలియడం లేదు.

కాసేపటికి డాక్టరమ్మ తలుపు తీసి లోపలికి పిలిచింది.

"నాకు చెప్పింది వీళ్ళకీ చెప్పండి మేస్త్రిగారూ. మీరు చెప్పకపోతే వీళ్ళిలాగే పోట్లాడుకుంటూ ఉంటారు."

మేస్త్రి దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"పంపు మంచిదేనమ్మా. అబద్ధమెందుకు, దాంతో ఆయాసం తగ్గింది. మెట్లు కూడా ఎక్కాను. కానీ గొంతు పోయింది." అక్కడ ఆగి ఊపిరి తీసుకున్నాడు. "పీల్చినప్పుడల్లా పుక్కిలించాను. డాక్టరమ్మగారు చెప్పినట్టే పంపుకి ఆ ప్లాస్టిక్ గొట్టం తగిలించుకునే పీల్చాను. అయినా బొంగురుపోయింది. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి మీ అమ్మని పలకరించాను. ఎవరు బాబూ, ఎవరు కావాలి, అంది."

కూతురు మంచం పక్కకి జరిగి నిలబడింది.

"చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను," అన్నాడు మేస్త్రి. "ముక్కూ మొహం తెలియనివాణ్ణి అడిగినట్టు అడిగింది."

చూపు పోయినప్పటి నుంచీ ఆవిడకు లోకమంతా ఆయన నోటి నుంచే. పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వినిపిస్తాడు. సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని వీధిలో ఎవరెవరు పోతున్నారో, ఎదురింటావిడ ఏ రంగు చీర ఆరేసిందో, మబ్బు ఎటు కమ్ముతోందో చెబుతాడు. కొంచెం కల్పించి కూడా చెబుతాడు. గొడవలేమీ జరగని వీధిలో ఆయన వల్ల వారానికో గొడవ జరుగుతుంది. అది అబద్ధమని తెలిసీ ఆవిడ తర్వాతేమైందని అడుగుతుంది.

కూతురికి ఇప్పుడు లెక్క తేలింది. పంపు మానేయగానే గొంతు తిరిగొచ్చింది, దాంతోపాటు ఆయాసమూ వచ్చింది. ఆ ఆయాసాన్ని కప్పెట్టడానికి కొడుకు చేత మాత్రలు తెప్పించుకున్నాడు. గొంతు కోసం ఒళ్ళంతా గుల్ల చేసుకున్నాడు.

"అంత మాట మాకెందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు కొడుకు.

"ఏం చెప్పనురా? గొంతు కోసం ఊపిరి మానుకుంటానంటే మీరు ఒప్పుకుంటారా?"

డాక్టరమ్మ బల్ల మీద రెండు మందులు పెట్టింది. ఒకటి అదే పంపు. అందులో ఊపిరి గొట్టాల్ని వదులు చేసే మందూ, లోపలి వాపు తగ్గించే మందూ రెండూ ఉన్నాయని, గొంతు బొంగురుపోయేది ఆ రెండోదాని వల్లేనని చెప్పింది. మాత్రల్లో ఉన్నదీ ఆ జాతి మందే అయినా, పంపులోది చాలా కొంచెం, చాలావరకు ఊపిరితిత్తుల్లోనే పనిచేసి ఊరుకుంటుంది, మాత్రలా ఒళ్ళంతా తిరగదంది. రెండోది క్యాప్సూల్లోని పొడి పీల్చే చిన్న పరికరం. అందులో గొట్టాల్ని వదులు చేసే మందులు మాత్రమే రెండు రకాలున్నాయి, వాపు మందు లేదు. నోరెండుతుందిగానీ గొంతుకు ఏమీ కాదు.

"అయితే అదే ఇవ్వండి," అన్నాడు మేస్త్రి వెంటనే.

"పూర్తిగా వినండి. చాలామందికి అదే సరిపోతుంది. మీ ఛాతీ వేరు. మాత్రలు మొదలుపెట్టకముందు చేయించిన మీ రక్తపరీక్షలో ఆ వాపు జాడ బాగా కనిపించింది. మీలాంటి వాళ్ళకి వాపు మందు మానేస్తే దగ్గూ ఆయాసం మళ్ళీమళ్ళీ విరుచుకుపడతాయి. ఈ ఏడాది మీరెన్నిసార్లు ఆస్పత్రిలో పడుకున్నారో మీకే తెలుసు. ప్రతిసారీ కొంత ఊపిరి పోతుంది. పోయింది తిరిగి రాదు."

పంపులోనే ఇంకో రకం, తక్కువ మోతాదుది ఇస్తానని ఆమె అంది. గొంతు కొంత నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు, మాటివ్వలేనంది. తననడిగితే పంపే మేలంటానని, కానీ పీల్చాల్సింది ఆయనే కాబట్టి బలవంతంగా రాసిచ్చినా అది మళ్ళీ అలమరలోకే పోతుందని కూడా అంది. చివరికి రెండూ రాసిచ్చింది. ఇంటికెళ్ళి మాట్లాడుకుని ఏదో ఒక్కటే కొనమని, రెండూ కలిపి మాత్రం వాడొద్దని గట్టిగా చెప్పింది.

ఇంటికి చేరేసరికి ఎండ తగ్గింది. మేస్త్రి మంచం మీద వాలగానే నిద్రపోయాడు. కొడుకు మందుల చీటీ తీసుకుని బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు. చెల్లెలి భుజం మీద చెయ్యి వేద్దామనుకుని వెయ్యలేదు. ఏది కొనాలో కాస్త ఆలోచించుకుని ఫోను చెయ్యి, అన్నాడు. నాన్న తిరిగొచ్చేటప్పుడు టాక్సీలోనే పొడి మందు తెమ్మని తన చెవిలో చెప్పాడని కూడా చెప్పాడు.

తల్లి వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కూతురు పక్కన చతికిలబడింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఒక పచ్చి చిక్కుడుకాయ నోట్లో వేసుకుని నమిలింది. చెప్పకూడదనుకుంది. చెప్పకుండా ఉండే ఓపిక లేకపోయింది. డాక్టరమ్మ గదిలో తండ్రి అన్నదంతా, గుమ్మం మాటతో సహా, చెప్పేసింది.

తల్లి చేతులు ఆగాయి.

"ఎవరు బాబూ అన్నానా?"

"అన్నావటమ్మా. అందుకే మానేశాడు."

ఆవిడ ఒడిలోని కాయలన్నీ పళ్ళెంలోకి తీసి, పళ్ళేన్ని తడుముకుంటూ పక్కకు జరిపింది.

"మీ నాన్న నిద్రపోతున్నాడా?"

"పోతున్నాడు."

"ఇటు రా. ఈ పక్కకి రా." కూతుర్ని కుడివైపు కూర్చోబెట్టుకుని, మొహం దగ్గరికి తెచ్చింది. "ఆయన గొంతు మారిందన్న సంగతే నాకు తెలీదే. గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు గాలి తేడా తెలిసింది. మాట వినపడలేదు. అందుకే ఎవరన్నాను."

కూతురికి మొదట అర్థం కాలేదు.

"ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది కూడా పోతోంది. దగ్గరగా మాట్లాడితే వినిపిస్తుంది. మీరిద్దరూ అరుచుకుంటే ఇంకా బాగా వినిపిస్తుంది," అంటూ కొంచెం నవ్వింది. "పేపరు చదువుతుంటే ఒక మాట వినపడుతుంది, నాలుగు మాటలు పోతాయి. ఆయన ఆగినప్పుడు నేను ఊఁ కొడతాను. ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంటుందిగా, ఆగాడో లేదో దానిబట్టి తెలిసిపోతుంది."

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"కళ్ళు పోయినప్పుడు ఇల్లంతా ఎంత గోల చేశారో చూశాను. మళ్ళీ ఆ గోలెందుకని."

కూతురు గోడకు తలానించింది. ఏడుపు వస్తుందనుకుందిగానీ రాలేదు. తండ్రి కాపాడుకుంటున్న గొంతు తల్లికి సరిగా వినపడనే లేదు. ఆ సంగతి చెబితే చాలు, రేపటి నుంచి ఆయన పంపు పీలుస్తాడు. ఆ మాటే అంది. నాన్నకి చెప్పేద్దామమ్మా, నిన్నూ చెవుల డాక్టరుకి చూపిద్దాం, మిషను పెట్టిద్దాం అంది.

తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఇంకా బలం ఉంది.

"నన్నెక్కడికి తీసుకెళ్ళినా వస్తాను. ఆయనకి మాత్రం చెప్పకు. నాకు చదివి వినిపించాలనే పొద్దున్నే లేస్తున్నాడు. దానికోసమే మొహం కడుక్కుంటాడు, దానికోసమే కళ్ళజోడు వెతుక్కుంటాడు. ఇన్నాళ్ళూ చదివింది నాకు వినపడలేదని తెలిస్తే ఆ మనిషి ఇంక మంచం దిగడు. అప్పుడు ఏ పంపు పీల్చి ఏం లాభం?"

"చెప్పకపోతే ఆ పొడి మందు వేసుకుంటాడమ్మా. అది ఆయనకి చాలదని డాక్టరమ్మ చెప్పింది."

తల్లి జవాబివ్వలేదు. వినపడలేదో, జవాబు లేకనో కూతురికి తెలియలేదు. ఇకమీదట ఆవిడ మౌనాల్లో ఏది ఏదో తేల్చుకోవడం ఎప్పటికీ కష్టమే.

ఇంతలో గదిలో మంచం కిర్రుమంది. నాన్న లేచాడని కూతురు తల్లి కుడి చెవి దగ్గర చెప్పింది. తల్లి పీట మీంచి లేచి, గోడ పట్టుకుంటూ గదిలోకి నడిచి వెళ్ళింది. కిటికీ తెరిచిన చప్పుడైంది. కాసేపటికి ఆయన గొంతు మొదలైంది. ఎదురింటావిడ పసుపుపచ్చ చీర ఆరేసిందట, గాలికి అది పక్కింటివాళ్ళ గోడ మీద పడిందట, ఇక చూడు తమాషా అంటున్నాడు. గొంతు స్పష్టంగా ఉంది. మాట మాటకీ మధ్య ఊపిరి మాత్రం ఈలలా కూస్తోంది.

ఫోను మోగింది. కొడుకు మందుల దుకాణం నుంచి.

"నా వంతు వచ్చింది. నాన్న చెప్పిన పొడి మందే తీసుకోనా?"

ఆమె గది గుమ్మం దాకా వచ్చింది. తండ్రి కిటికీ వైపు వంగి చెబుతున్నాడు. తల్లి ఆయన ఎడమ పక్కన కూర్చుని, తల కొంచెం వంచి, తన మోకాలి మీది ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆయన చెప్పడం ఆపాడు. ఆవిడ వెంటనే నవ్వింది.

"నవ్వుతావేంటి?" అన్నాడు మేస్త్రి. "ఎదురింటావిడ ఏడుస్తోందంటున్నాను."

తల్లి మొహంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. మేస్త్రి కిటికీ మీంచి చూపు తిప్పి, భార్య మొహంలోకి చూశాడు. ఎన్నో ఏళ్ళుగా చూడనట్టు చూశాడు.

"లైన్లో ఉన్నావా?" అన్న ఫోనులో అడుగుతున్నాడు. "ఏది తీసుకోను?"